అబోరిజినల్ ప్రజల భూమి హక్కులు, స్వయం నిర్ణయాధికారం: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ, అక్కడ చదువుకుంటున్న విద్యార్థుల్లోనూ, పిల్లలను అక్కడికి పంపిన తల్లిదండ్రుల్లోనూ అక్కడి మూలవాసులైన అబోరిజినల్ ప్రజల హక్కుల గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నందువల్ల, వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు రాశాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమో దాన్నే నేరుగా చదువుకోవచ్చు. ఇది న్యాయ సలహా కాదు. అయితే, ఒక భూమి గురించి తుది మాట ఆ భూమికి చెందిన ప్రజలదే కావాలని నమ్మే వ్యక్తి ఈ సమాధానాలు రాసినట్లు పాఠకులకు ముందే తెలియడం మంచిది.

## మొదట వచ్చే సందేహాలు

ఆస్ట్రేలియా ఎవరూ లేని ఖాళీ భూమి అని చదివాం కదా, మరి ఈ హక్కులు ఎక్కడి నుంచి వచ్చాయి?

అది ఏనాడూ ఖాళీ భూమి కాదు. 1788 జనవరిలో బ్రిటిష్ నౌకలు సిడ్నీ తీరం చేరేనాటికి ఆ ఖండంలో 50,000 ఏళ్లకు పైగా మనుషులు జీవిస్తున్నారు. 250కి పైగా భాషలు మాట్లాడే ఆ ప్రజల్లో ప్రతి సమూహానికీ తన హద్దులు ఉండేవి. ఏ నీటి మడుగు ఎవరి సంరక్షణలో ఉండాలో, ఏ నేలపై ఎవరికి ఏ బాధ్యత ఉందో చెప్పే కట్టుబాట్లు తరతరాలుగా అమలయ్యేవి. బ్రిటన్ ఆ కట్టుబాట్లను చట్టంగా గుర్తించకుండా ఖండం మొత్తాన్ని రాజు సొత్తుగా ప్రకటించుకుంది. దీనికి ఆధారమైన ‘టెర్రా నల్లియస్’ వాదన, అంటే ఇది ఎవరికీ చెందని భూమి అన్న వాదన, 1992 వరకు ఆస్ట్రేలియా న్యాయవ్యవస్థలో చెల్లుబాటైంది. ఉత్తరాన టోరెస్ జలసంధి దీవుల ప్రజలు ప్రత్యేక సంస్కృతి గల మరో మూలవాసీ సమాజం. ఆ వాదనను చివరికి కోర్టులో పడగొట్టింది ఆ దీవులవారే.

బ్రిటిష్ వాళ్లు వాళ్లతో ఒప్పందం ఏదీ చేసుకోలేదా?

ఆస్ట్రేలియాలో బ్రిటిష్ ప్రభుత్వం ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు. 1835లో జాన్ బాట్‌మన్ అనే వలసదారుడు, ఇప్పటి మెల్‌బోర్న్ ఉన్న ప్రాంతంలో, వురుండ్జెరి పెద్దలతో ఒక పత్రం రాయించుకున్నాడు. దుప్పట్లు, గొడ్డళ్లు, కత్తుల వంటి వస్తువులకు బదులుగా లక్షలాది ఎకరాలు తనకు దక్కాయని చెప్పుకున్న ఆ పత్రం న్యాయమైనది కాదు. కానీ గవర్నర్ బర్క్ దాన్ని రద్దు చేసింది అన్యాయమైనదని కాదు. భూమి అంతా రాజుదే అయినప్పుడు దాన్ని అమ్మే హక్కు అబోరిజినల్ ప్రజలకు లేదన్నదే ఆయన చెప్పిన కారణం. పొరుగున న్యూజిలాండ్‌లో మావోరీలతో 1840లో వైటాంగి ఒప్పందం కుదిరింది. ఆస్ట్రేలియాలో ఒప్పందం కావాలన్న డిమాండు నేటికీ సజీవంగా ఉండడానికి ఈ చరిత్రే కారణం.

ఈ పోరాటం మాబో కేసుతోనే మొదలైందా?

‘టెర్రా నల్లియస్’ వాదనను 1992లో పడగొట్టిన మాబో తీర్పు ఒక మలుపు మాత్రమే, దాని వెనుక చాలా పొడవైన పోరాటం ఉంది. భూమిని మొదటి నుంచీ ఆయుధాలతోనూ, ఆ తరువాత అర్జీలతోనూ, సమ్మెలతోనూ కాపాడుకునే ప్రయత్నం ఆగలేదు.

1963లో ఉత్తర ఆస్ట్రేలియా అర్నెమ్ ల్యాండ్‌లోని యిర్‌కాలా వద్ద యోల్ంగు ప్రజలు, తమను అడగకుండా తమ నేలను బాక్సైట్ గనులకు కేటాయించడాన్ని వ్యతిరేకిస్తూ, చెట్టు బెరడుపై తమ సంప్రదాయ చిత్రాల మధ్య తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ రాసిన అర్జీలను ఆస్ట్రేలియా పార్లమెంటుకు పంపారు. గని ఆగలేదు. వాళ్లు కోర్టుకు వెళ్లగా 1971లో జస్టిస్ బ్లాక్‌బర్న్, వారికి సుస్థిరమైన న్యాయవ్యవస్థ ఉందని ఒప్పుకుంటూనే, భూమితో వారి సంబంధం ఆస్తి హక్కు కిందకు రాదని తీర్పు చెప్పారు. ఒక ప్రజకు చట్టం ఉందని అంగీకరిస్తూనే దానికి విలువ లేదన్న ఆ తీర్పు అప్పటి పరిస్థితిని పూర్తిగా బయటపెట్టింది.

ఈలోగా 1966 ఆగస్టులో, నార్తర్న్ టెరిటరీలోని వేవ్ హిల్ పశువుల క్షేత్రంలో విన్సెంట్ లింగియారి నాయకత్వాన సుమారు 200 మంది గురింజి ప్రజలు పని మానేసి వెళ్లిపోయారు. ఆ క్షేత్రం వెస్టీ అనే బ్రిటిష్ కంపెనీది. బయటివారికి అది కూలి కోసం జరిగిన సమ్మెలా కనిపించింది, గురింజులు మాత్రం త్వరలోనే తమ భూమి తమకు కావాలని తేల్చి చెప్పారు. వాళ్లు వాటీ క్రీక్ వద్ద మకాం వేసి తొమ్మిదేళ్లు నిలబడ్డారు. 1975 ఆగస్టు 16న ప్రధాని గఫ్ విట్లం అక్కడికి వచ్చి లింగియారి అరచేతిలో పిడికెడు మట్టి పోసి భూమిని అప్పగించారు. అంతకు మూడేళ్ల ముందు, 1972 జనవరి 26న, నలుగురు అబోరిజినల్ యువకులు కాన్‌బెర్రాలో పార్లమెంటు ఎదుట గొడుగు పాతి తమ సొంత దేశంలో తాము పరాయివాళ్లమయ్యామని చాటే ‘టెంట్ ఎంబసీ’ని ప్రారంభించారు. మాబో కేసు దాఖలైన 1982 నాటికి ఇదంతా జరిగిపోయింది.

## చట్టం దగ్గరకు వచ్చేసరికి

ల్యాండ్ రైట్స్, నేటివ్ టైటిల్ రెండూ ఒకటేనా?

రెండూ వేరు. ల్యాండ్ రైట్స్ అంటే పార్లమెంటు లేదా రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇచ్చిన భూమి. దీనిలో ముఖ్యమైనది నార్తర్న్ టెరిటరీకి వర్తించే 1976 నాటి అబోరిజినల్ ల్యాండ్ రైట్స్ చట్టం. దీని కింద దక్కిన భూమి సమష్టి యాజమాన్యంలో ఉంటుంది, దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఆ టెరిటరీలో సుమారు సగం భూమి నేడు ఈ విధంగా అబోరిజినల్ ప్రజల చేతిలో ఉంది. దక్షిణ ఆస్ట్రేలియా 1981లో పిట్జంట్జట్జరా ప్రజలకు, న్యూ సౌత్ వేల్స్ 1983లో రాష్ట్రవ్యాప్తంగా అబోరిజినల్ ప్రజల తరఫున పనిచేసే స్థానిక ల్యాండ్ కౌన్సిళ్లకు వేర్వేరు చట్టాల ద్వారా హక్కులు కల్పించాయి.

నేటివ్ టైటిల్ ఎవరో ఇచ్చినది కాదు. బ్రిటిష్ వారు రాకముందు నుంచి ఉన్న హక్కు ఇంకా మిగిలి ఉందని కోర్టు గుర్తించడమే నేటివ్ టైటిల్. టోరెస్ జలసంధిలోని మెర్ దీవికి చెందిన ఎడ్డీ కోయికీ మాబో, ఆయన సహచరులు వేసిన కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు 1992 జూన్ 3న ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో దీన్ని గుర్తించింది. అక్కడ హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం. మాబో ఆ తీర్పుకు కొద్ది నెలల ముందే కన్నుమూశారు. మరుసటి ఏడాది పార్లమెంటు నేటివ్ టైటిల్ చట్టాన్ని చేసింది. ఈ హక్కు కొన్నిచోట్ల పూర్తి స్వాధీనంగా ఉంటుంది. చాలాచోట్ల వేటాడడం, చేపలు పట్టడం, పవిత్ర స్థలాలను సంరక్షించడం, పూజాక్రతువులు జరుపుకోవడం వంటి వాటికే పరిమితమై, ఇతరుల హక్కులతో పక్కపక్కనే నడుస్తుంది.

మేం అప్పుచేసి ఇల్లు కొన్నాం. రేపు ఎవరైనా వచ్చి ఇది మా భూమి అంటే ఏమవుతుంది?

మీ ఇంటికి ఏమీ కాదు. ఫ్రీహోల్డ్‌గా, అంటే పూర్తి యాజమాన్యంతో చట్టబద్ధంగా ఇచ్చిన భూమిలో నేటివ్ టైటిల్ రద్దైపోతుందని, అది మళ్లీ తిరిగి రాదని హైకోర్టు 1998లో స్పష్టం చేసింది. నగరాల్లోని ఇళ్ల స్థలాలు దాదాపు అన్నీ ఈ కోవలోనివే. మాబో తీర్పు తరువాత పెరటి స్థలాలు కూడా పోతాయన్న భయాన్ని కొందరు పనిగట్టుకుని వ్యాపింపజేశారు, అది నేటికీ వలస కుటుంబాల మధ్య తిరుగుతూనే ఉంది. ఈ నిబంధన వల్ల నష్టపోయింది ఎవరన్నది మాత్రం ఆలోచించాలి: సిడ్నీ, మెల్‌బోర్న్‌ల వంటి చోట్ల అందరికంటే ముందు భూమి పోగొట్టుకున్న ప్రజలకే ఈ చట్టం కింద తిరిగి దక్కేది అతి తక్కువ.

తరతరాలుగా ఉన్నవాళ్లకు తమ భూమే అని నిరూపించుకోవడం అంత కష్టమా?

చాలా కష్టం. బ్రిటిష్ సార్వభౌమత్వం మొదలైన నాటి నుంచి నేటి వరకు తమ సమాజం తన సంప్రదాయ చట్టాలను, ఆచారాలను గణనీయమైన విరామం లేకుండా పాటిస్తూ వచ్చిందని హక్కు కోరేవారే నిరూపించాలి. ఆ ప్రజలను వారి నేల మీద నుంచి తరిమి మిషన్లలో ఉంచి, భాష మాట్లాడనివ్వకుండా, పిల్లలను తల్లుల నుంచి వేరుచేసిన ప్రభుత్వాలే ఆ విరామానికి కారకులు. అయినా దాని బరువు బాధితుల మీదే పడుతోంది. ముర్రే నదీ పరీవాహకంలోని యోర్టా యోర్టా ప్రజల కేసులో, కాల ప్రవాహం వారి హక్కును కడిగేసిందని కింది కోర్టు తేల్చింది, హైకోర్టు కూడా 2002లో వారి అప్పీలును తిరస్కరించింది. ఈ రుజువు భారాన్ని ప్రభుత్వాలపైకి మార్చాలన్నది భూమి హక్కుల ఉద్యమంలోని ప్రధాన డిమాండ్లలో ఒకటి, నా దృష్టిలో అతి న్యాయమైనది కూడా.

గనుల కంపెనీ వస్తే వాళ్లు వద్దనవచ్చా?

ఇది ఏ చట్టం కింద ఉన్న భూమి అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. నార్తర్న్ టెరిటరీలో 1976 చట్టం కింద ఉన్న భూమిలో ఖనిజాన్వేషణకు సంప్రదాయ యజమానులు ల్యాండ్ కౌన్సిల్ ద్వారా అనుమతి నిరాకరించవచ్చు. అయితే అన్వేషణకు ఒకసారి ఒప్పుకుంటే ఆ తరువాత తవ్వకాన్ని కాదనడానికి వీలుండదు.

నేటివ్ టైటిల్ భూమిలో ఆ పాటి హక్కు కూడా లేదు. అక్కడ ఉన్నది బేరమాడే హక్కు మాత్రమే: నోటీసు ఇచ్చాక ఆరు నెలల్లో ఒప్పందం కుదరకపోతే విషయం ట్రైబ్యునల్‌కు వెళ్తుంది, అది గనికి అనుమతి ఇవ్వవచ్చు. కాదనే వీలు లేనివాడు బేరసారాల్లో ఎంత బలహీనుడో వేరే చెప్పనక్కరలేదు. 2020 మే నెలలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ లోయలో, 46,000 ఏళ్ల మానవ నివాసానికి ఆధారాలున్న రాతి గుహలను రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం పేల్చివేసింది. పూటు కుంటి కురామ, పినికూర ప్రజలకు అక్కడ నేటివ్ టైటిల్ ఉంది, వాళ్లు ఆ స్థలపు ప్రాముఖ్యాన్ని కంపెనీకి చెప్పారు కూడా. అయినా 2013లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన అనుమతి వల్ల ఆ పేలుడు చట్టబద్ధమే అయింది. ఆ తరువాత కంపెనీ ముఖ్య అధికారులు పదవులు వదులుకోవలసి వచ్చినా గుహలు తిరిగి రావు.

భారతీయులుగా మనం తెలుసుకోవలసిన మరో ఉదాహరణ క్వీన్స్‌లాండ్‌లోని కార్మైకేల్ బొగ్గు గని. అదానీ సంస్థ చేపట్టిన ఈ గని విషయంలో వాంగన్, జగలింగౌ ప్రజల్లో కొందరు ఒప్పందాన్ని సమర్థించగా మరికొందరు ఏళ్ల తరబడి కోర్టుల్లో వ్యతిరేకించి ఓడిపోయారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రాంతంలో 1,385 హెక్టార్లపై నేటివ్ టైటిల్‌ను రద్దు చేసింది.

పోయిన భూమికి నష్టపరిహారం ఇస్తారా?

కొన్ని సందర్భాల్లో ఇస్తారు. 2019లో టింబర్ క్రీక్ కేసులో హైకోర్టు న్గలివుర్రు, నుంగలి ప్రజలకు సుమారు 25 లక్షల డాలర్ల పరిహారాన్ని నిర్ణయించింది. అందులో 13 లక్షలు భూమితో ఉన్న సాంస్కృతిక, ఆధ్యాత్మిక సంబంధానికి జరిగిన నష్టానికే కేటాయించడం పెద్ద ముందడుగు. అంతవరకు పరిహారం 1975 జాతి వివక్ష నిరోధక చట్టం తరువాత జరిగిన నష్టాలకే దక్కుతుందన్న అభిప్రాయం ఉండేది. గోవ్ ద్వీపకల్పపు గుమాట్జ్ ప్రజల కేసులో 2025 మార్చిలో వచ్చిన హైకోర్టు తీర్పు, నార్తర్న్ టెరిటరీలో అంతకుముందు కేంద్ర ప్రభుత్వం చేసిన చర్యలకు కూడా న్యాయమైన పరిహారం కోరే దారిని తెరిచింది.

ఇది మన ఏజెన్సీ ప్రాంతాల 1/70 చట్టం లాంటిదేనా?

పోలిక ఉంది, తేడా కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1/70 నిబంధన చెబుతుంది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గనుల కోసం ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నార్తర్న్ టెరిటరీలోనూ భూమి చేతులు మారకుండా కాపాడే ఇలాంటి ఏర్పాటే ఉంది. అయితే మన దగ్గర ఎక్కువగా వ్యక్తిగత పట్టాకు రక్షణ కనిపిస్తే, అక్కడ యాజమాన్యమే సమష్టిది, దాని తరఫున మాట్లాడడానికి ఎన్నికైన ల్యాండ్ కౌన్సిల్ ఉంటుంది. చట్టం ఎంత గట్టిదైనా అమలు చేసే చోట నీరుగారుతుందన్న అనుభవం మాత్రం మన్యానికీ, ఆస్ట్రేలియాకూ ఉమ్మడిదే. గ్రామసభ అనుమతి కోసం జరిగే వాదనలు విన్నవారికి అబోరిజినల్ ప్రజల డిమాండు కొత్తగా అనిపించదు.

## స్వయం నిర్ణయాధికారం గురించి

స్వయం నిర్ణయాధికారం అంటే వేరే దేశం కావాలనా?

కాదు. తమ రాజకీయ స్థితిని, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక అభివృద్ధిని తామే స్వేచ్ఛగా నిర్ణయించుకునే హక్కు మూలవాసీ ప్రజలకు ఉందని 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన మూడవ అధికరణం చెబుతుంది. దేశాల ప్రాదేశిక సమగ్రతకు భంగం కలిగించడానికి దీన్ని వాడరాదని అదే ప్రకటన 46వ అధికరణంలో ఉంది. ఆస్ట్రేలియా మొదట ఆ ప్రకటనకు వ్యతిరేకంగా ఓటు వేసి, 2009లో మద్దతు తెలిపింది. తమ సార్వభౌమత్వాన్ని ఎన్నడూ వదులుకోలేదని చాలామంది అబోరిజినల్ నాయకులు అంటారు. ఆచరణలో వారు అడుగుతున్నవి తమ బడి, తమ ఆసుపత్రి, తమ భూమి, తమ పిల్లల సంరక్షణపై నిర్ణయాధికారం, ప్రభుత్వంతో ఒప్పందం.

ప్రభుత్వం వాళ్ల కోసం ఇంత ఖర్చు పెడుతోంది కదా, అది చాలదా?

ఖర్చు ఎంత అన్నదానికంటే నిర్ణయం ఎవరిది అన్నదే ఇక్కడ అసలు విషయం. 2007లో కేంద్ర ప్రభుత్వం పిల్లల రక్షణ పేరిట నార్తర్న్ టెరిటరీలోని అబోరిజినల్ గ్రామాలకు సైన్యాన్ని, అధికారులను పంపి, జాతి వివక్ష నిరోధక చట్టాన్ని ఆ మేరకు పక్కనపెట్టి, కుటుంబాలకు వచ్చే ప్రభుత్వ భృతిలో కొంత భాగం దేనికి ఖర్చు పెట్టాలో కూడా తానే నిర్ణయించింది. డబ్బు ఖర్చైంది, నమ్మకం పోయింది. మరోవైపు 1971లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో అబోరిజినల్ ప్రజలే స్థాపించి నడుపుకున్న వైద్య కేంద్రం దేశమంతటా అలాంటి సంస్థలకు మార్గం చూపింది. సొంత భూములను సంప్రదాయ జ్ఞానంతో, నియంత్రిత మంటలతో సంరక్షించే రేంజర్ బృందాలు కూడా ఇదే కోవకు చెందినవి.

2023 రెఫరెండంలో ఓడిపోయారు కదా, ఇంకేం మిగిలింది?

2017 మే నెలలో మధ్య ఆస్ట్రేలియాలోని ఉలురు అనే పవిత్ర శిల వద్ద సమావేశమైన మూలవాసీ ప్రతినిధులు మూడు కోరారు: పార్లమెంటుకు సలహా ఇచ్చే రాజ్యాంగబద్ధమైన సంస్థ, ఒప్పందం, చరిత్ర సత్యాల వెల్లడి. వీటిలో మొదటిదానిపై 2023 అక్టోబరు 14న రెఫరెండం జరగ్గా సుమారు 60 శాతం మంది, ఆరు రాష్ట్రాలూ కాదన్నాయి. పామ్ ఐలాండ్ వంటి అబోరిజినల్ ప్రజల పోలింగ్ కేంద్రాల్లో మాత్రం అవునన్న ఓట్లే చాలా ఎక్కువ. ఆ ఫలితం నేటివ్ టైటిల్‌ను గానీ, భూమి హక్కుల చట్టాలను గానీ తాకలేదు. దక్షిణ ఆస్ట్రేలియా తన రాష్ట్ర చట్టంతో అలాంటి సలహా సంస్థకు 2024లో ఎన్నికలు జరిపింది. క్వీన్స్‌లాండ్ తన ఒప్పంద ప్రక్రియను రద్దు చేసుకోగా, విక్టోరియా పార్లమెంటు 2025లో దేశంలోనే మొదటి రాష్ట్రవ్యాప్త ఒప్పందానికి చట్టరూపం ఇచ్చింది.

## మద్దతు ఇవ్వాలనుకున్నాక

మేమూ వలస వచ్చినవాళ్లమే, మమ్మల్నీ బ్రిటిష్ వాళ్లు పాలించారు. దీంతో మాకేం సంబంధం?

మనం ఆ దోపిడీ చేయలేదన్నది నిజం. కానీ మనం కట్టుకున్న ఇల్లు, చేస్తున్న ఉద్యోగం, పొందిన పౌరసత్వం ఆ భూమి మీదివే, కాబట్టి ఆ సంబంధం మన ఇష్టంతో నిమిత్తం లేకుండానే ఏర్పడింది. వలస పాలన అంటే ఏమిటో ఇంట్లో పెద్దల ద్వారా విన్న మనకు ఆ ప్రజల బాధను అర్థం చేసుకోవడం సులభం కావాలి.

తెలుగు సంఘం ఉగాది సభలో సంప్రదాయ యజమానులను తలచుకుంటూ రెండు వాక్యాలు చదివితే సరిపోతుందా?

అది సరైన ఆరంభం, శ్రద్ధగా చేస్తే. ఏ ప్రాంతంలో సభ జరుగుతోందో ఆ నేల ప్రజల పేరును సరిగా ఉచ్చరించాలి. సిడ్నీ నగర కేంద్రం గడిగల్ ప్రజలది, మెల్‌బోర్న్ నగరంలో వురుండ్జెరి, బునురాంగ్ ప్రజల భూములున్నాయి. ఇలా తలచుకోవడం ఎవరైనా చేయవచ్చు. అతిథులకు స్వాగతం పలికే ‘వెల్‌కమ్ టు కంట్రీ’ మాత్రం ఆ నేలకు చెందిన పెద్దలే చేయాలి. వారిని ఆహ్వానిస్తే తగిన పారితోషికం ఇవ్వడం, ముందు వరుసలో కూర్చోబెట్టడం, వారి మాటలను తెలుగులో క్లుప్తంగా చెప్పడం సభానిర్వాహకుల బాధ్యత. ఆ పెద్దల సంస్థ అప్పుడు ఏ విషయంపై పోరాడుతోందో అడిగి తెలుసుకుని సభ్యులకు చెబితే, ఆ రెండు వాక్యాలకు అర్థం వస్తుంది.

జనవరి 26 మన గణతంత్ర దినోత్సవం. ఆ రోజు మేం జెండా ఎగరేస్తే వాళ్లను కించపరిచినట్లా?

కాదు. మన గణతంత్ర దినోత్సవానికి వేరే చరిత్ర ఉంది. అదే తేదీన ఆస్ట్రేలియా డే జరుపుకోవడమే వారికి బాధ కలిగించేది, ఎందుకంటే 1788లో బ్రిటిష్ జెండా ఎగిరిన రోజది. 1938లోనే అబోరిజినల్ నాయకులు సిడ్నీలో ఆ రోజును సంతాప దినంగా పాటించారు. ఉదయం మన జెండా వందనం చేసుకుని, ఆ తరువాత వారి నాయకత్వంలో జరిగే ఊరేగింపుకు వెళ్లడంలో వైరుధ్యమేమీ లేదు.

వాళ్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరి మాట వినాలి?

వందలాది సమూహాలున్న ప్రజలు ఏకాభిప్రాయంతో ఉండాలని ఆశించడమే సరికాదు. తెలుగువాళ్లందరూ ఒకే మాట మీద ఉండాలని మనల్ని ఎవరూ అడగరు. ఒక నిర్దిష్ట స్థలం గురించైతే ఆ స్థలపు సంప్రదాయ యజమానుల సంస్థ ఏమంటోందో ముందు చూడాలి. తరువాత ఆ సమూహంలోనే ఆ నిర్ణయంతో విభేదిస్తున్నవారు ఏమంటున్నారో కూడా వినాలి. ఒక వర్గం గనికి ఒప్పుకుంటే ఆ నిర్ణయం కూడా వారిదే. మనకు నచ్చిన నిర్ణయం తీసుకున్నప్పుడే వారి హక్కును గౌరవిస్తామంటే దాన్ని మద్దతు అనలేం.

నేను పెర్త్‌లో గనుల కంపెనీలో ఇంజనీరును. నేను దీని గురించి మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు, పైగా మీరు అడగగలిగిన ప్రశ్నలు బయటివారు అడగలేరు. మీ ప్రాజెక్టు ప్రాంతంలో వారసత్వ స్థలాల సర్వే ఎప్పుడు జరిగింది, ఆ తరువాత కొత్తగా ఏమైనా తెలిసిందా, తెలిస్తే పాత అనుమతిని తిరిగి పరిశీలించారా అన్నవి సమావేశాల్లో అడగదగిన ప్రశ్నలే. జూకన్ లోయలో అనుమతి వచ్చాక జరిగిన తవ్వకాల్లోనే ఆ గుహల అసలు విలువ బయటపడింది, అయినా అనుమతి మారలేదు. కంపెనీ అంతర్గత పత్రాలను బయటపెట్టే ముందు మాత్రం యూనియన్ ద్వారా గానీ, న్యాయవాది ద్వారా గానీ సలహా తీసుకోవాలి.

నాకు ఇంకా పౌరసత్వం లేదు, ఓటు లేదు. నేనేం చేయగలను?

పార్లమెంటరీ విచారణ సంఘాలకు వ్రాతపూర్వక అభిప్రాయం పంపడానికి పౌరసత్వం అవసరం లేదు. మీ ప్రాంతపు ఎంపీకి ఉత్తరం రాయవచ్చు. ఉత్తరంలో ఒకే విషయం ఉండాలి, ఉదాహరణకు నేటివ్ టైటిల్ రుజువు భారాన్ని మార్చే సవరణకు మద్దతివ్వమని కోరవచ్చు. డబ్బు ఇవ్వగలిగితే అబోరిజినల్ ప్రజలే నడుపుకునే సంస్థలకు, షరతులు లేకుండా, చిన్న మొత్తమైనా నెలనెలా ఇవ్వడం మంచిది. తాత్కాలిక వీసాపై ఉన్న విద్యార్థులు నిరసనల్లో శాంతియుతంగా పాల్గొనవచ్చు గానీ, అరెస్టుకు దారితీసే కార్యక్రమాలకు దూరంగా ఉండాలి, ఎందుకంటే నేరారోపణ వీసా మీద ప్రభావం చూపగలదు. ఊరేగింపుల్లో ఫోటోలు తీసేముందు అనుమతి అడగండి. చాలా సమాజాల్లో మరణించినవారి పేర్లు పలకడం, బొమ్మలు చూపడం కొంతకాలం నిషిద్ధం కాబట్టి, సామాజిక మాధ్యమాల్లో ఏదైనా పెట్టేముందు వారి కుటుంబం లేదా సంస్థ అభీష్టాన్ని తెలుసుకోవాలి.